భాగమా, కిస్తా? – విద్యార్థుల ఋణముల చరిత్ర

రఘువంశము పంచమ సర్గమున కౌత్సుని కథ కలదు. వరతంతు మహర్షియొద్ద చతుర్దశ విద్యలను నేర్చిన యా శిష్యుడు గురుదక్షిణ గైకొనుమని గురువును నిర్బంధించెను. నీ శుశ్రూషయే నాకు చాలునని గురువు చెప్పినను వినడాయెను. అంతట గురువు కోపించి, విద్య కొక కోటి చొప్పున పదునాలుగు కోట్లు తెమ్మనెను. ఆ పేద విద్యార్థి ధనమునకై రఘుమహారాజు నాశ్రయించెను. విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసిన రాజు అప్పుడు మట్టిపాత్రలో నర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. అయినను, గురుదక్షిణకై తన వాకిటికి వచ్చిన విద్యావంతుడు వట్టిచేతులతో వేరొక దాతను వెదకుకొనిపోయెనను నపవాదము తనకు రారాదని తలచి, కుబేరునిపై దండెత్త సిద్ధపడెను. ఆ రాత్రియే కోశాగారమున కనకవర్షము గురిసెను. రాజు సమస్తము నిచ్చెదననెను. కౌత్సుడు గురువునకు చెల్లవలసిన దానికంటె నెక్కువ ముట్టననెను.

చదువునకు వెల యున్నదనియు, దానిని చెల్లింపలేని విద్యార్థి భారము రాజునకు సంబంధించినదనియు మన పూర్వులు భావించిరని యీ కథ తెలుపుచున్నది. అయితే రఘువు చేసినది దానము. నేటి ప్రభుత్వముల బొక్కసములలో కనకవర్షము కురియదు. కావున అవి అనేక దేశములలో దానమునకు మారు అప్పు ఇచ్చుటకు పూనుకొన్నవి. అప్పు అనగానే అది యెట్లు తీరవలెనను ప్రశ్న పుట్టును. ఈ వ్యాసమున విచారింపదలచినది ఆ యొక్క ప్రశ్ననే.

ఈ ప్రశ్న మన కర్షకునకు క్రొత్తది కాదు. ధర్మశాస్త్రములు రాజును షడ్భాగమునకు హక్కుదారుగా చెప్పినవి. అనగా పంటలో ఆరవ పాలు రాజుది. పండిన యేట రాజునకు హెచ్చు వచ్చును, ఎండిన యేట తగ్గును. లాభనష్టములలో రాజు రైతుతో పాలివాడు. కుంఫిణీ ప్రభుత్వము నాటికి శిస్తును రొక్కముగా, గడువులు పెట్టి, కిస్తుల చొప్పున వసూలు చేయుట స్థిరపడెను. పంట యెట్లున్నను గడువు వచ్చును. మాఫీ యన్నది అధికారి దయ. నేడు బ్యాంకులో కట్టు వాయిదాకు మనము వాడు కిస్తు అను మాట నాటి శిస్తుల నుండి వచ్చినదే. భాగము ఫలమును చూచును. కిస్తు పంచాంగమును చూచును. విద్యార్థులకు ప్రభుత్వములు ఇచ్చిన అప్పుల చరిత్ర యంతయు ఈ రెండు పద్ధతుల చరిత్రయే.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1944లో సైనికులకై యొక చట్టము చేసిరి. దాని యండతో యుద్ధము నుండి తిరిగివచ్చినవారు సుమారు 22 లక్షల మంది కళాశాలలలో చదివిరి. వారికిచ్చినది అప్పు కాదు, దేశసేవకు ప్రతిఫలము. జాతీయ ప్రభుత్వము విద్యార్థులకు విరివిగా అప్పులిచ్చుట మాత్రము ఒక భయము వలన మొదలయ్యెను. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యావారు స్పుత్నిక్ అను కృత్రిమోపగ్రహమును ప్రయోగించిరి. విజ్ఞానమున తాము వెనుకబడితిమను కలవరము అమెరికాలో ప్రబలెను. 1958 సెప్టెంబరు 2వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు జాతీయ రక్షణ విద్యాచట్టముపై చేవ్రాలు చేసెను. విద్యాచట్టమునకు రక్షణయను పేరు పెట్టుటలోనే దాని పుట్టుక తెలియుచున్నది.

ఆ చట్టము క్రింద విద్యార్థికి ఏటికి 1,000 డాలర్ల వరకు, మొత్తము 5,000 డాలర్ల వరకు అప్పు దొరకెను. వడ్డీ నూటికి 3. చదువు మానిన యేడాదికి చెల్లింపు మొదలై పదేండ్లలో ముగియవలెను. ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయుడైన వానికి ఏటికి పదియవ వంతు చొప్పున సగము వరకు అప్పు కొట్టివేయుదురు. ఈ యేర్పాటు ఉపాధ్యాయ వృత్తిలోనున్న మాబోంట్లకు ముచ్చట గొలుపును. కాని ఋణదాత యెవరైనను ఏదో యొక షరతు పెట్టక మానడు. ప్రభుత్వమును బలప్రయోగముచే కూలద్రోయవలెనను సిద్ధాంతము తనకు లేదని విద్యార్థి ప్రమాణపత్రము వ్రాసియీయవలెనని ఆ చట్టము విధించెను. దీనిని గర్హించి హార్వర్డు, యేల్ విశ్వవిద్యాలయములు 1959లో ఆ పథకము నుండి వైదొలగినవి. 1962లో ఆ షరతును తొలగించిరి.

1965 నవంబరు 8వ తేదీన అధ్యక్షుడు జాన్సను తాను చదివిన శాన్ మార్కోస్ కళాశాలలోనే ఉన్నత విద్యాచట్టముపై చేవ్రాలు చేసెను. చదువునకు డబ్బు చాలక నడుమ ఒక యేడు చదువు మాని, 1928-29లో కొటుల్లా యను నూర మెక్సికో వారి పేదబిడ్డలకు పాఠములు చెప్పినవాడాతడు. ఆ చట్టమున క్రొత్త మార్గమొకటి తెరచిరి: ప్రభుత్వము తాను అప్పిచ్చుటతో ఆగక, బ్యాంకులచే ఇప్పించి తాను హామీ పడెను. ఆ యప్పులను బ్యాంకుల నుండి కొనుటకు 1972లో ప్రత్యేక సంస్థనే స్థాపించిరి. అప్పు మునిగిన నష్టము ప్రభుత్వమునకు, తేలిన లాభము బ్యాంకునకు. ఈ పద్ధతి 2010 వరకు సాగి, ఆ యేట రద్దయ్యెను.

నష్టము తనదైన పిదప ప్రభుత్వము వసూలునందు కఠినము కాసాగెను. అమెరికాలో సాధారణ ఋణగ్రస్తుడు కోర్టులో దివాలా ప్రకటించి కొత్త బ్రదుకు మొదలుపెట్టవచ్చును. విద్యార్థి ఋణమునకు ఈ వెసులుబాటును 1976లో ఐదేండ్ల పాటు కుదించిరి. 1998 నాటికి, భరింపరాని కష్టమును కోర్టులో ఋజువు చేసినవారికి తప్ప, పూర్తిగా మూసివేసిరి. ప్రామిసరీ నోటుకైనను కాలదోషము పట్టును; ప్రభుత్వ విద్యాఋణమునకు అదియు పట్టకుండ 1991లో చట్టము చేసిరి. వృద్ధాప్యమున ప్రభుత్వమిచ్చు భృతి నుండియు పాత చదువుల బాకీని మినహాయించుకొనవచ్చునని 2005లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ఇరువదవ యేట చేసిన అప్పు అరువదవ యేట వెంటబడుట యన్న నిదియే.

ఆదాయమును బట్టి చెల్లించు మార్గములను అచ్చట 1994 నుండియు కల్పింపకపోలేదు. అయితే అవి కోరి, దరఖాస్తు పెట్టుకొని, చిక్కులు విప్పుకొని చేరవలసినవి. అడుగనివానికి కిస్తే గతి. నేడు నాలుగు కోట్లకు మించిన జనులు జాతీయ ప్రభుత్వమునకు 1 లక్షా 60 వేల కోట్ల డాలర్లకు పైగా బాకీ యున్నారు. 2022లో అధ్యక్షుడు బైడెను ఒక్కొక్కరికి 10,000, అందు పేదవిద్యార్థుల గ్రాంటు పొందినవారికి 20,000 డాలర్ల వరకు మాఫీ ప్రకటింపగా, అట్టి యధికారము ఆయనకు లేదని 2023 జూను 30వ తేదీన సుప్రీంకోర్టు త్రోసివేసెను. కిస్తు పద్ధతిలో మాఫీ యెల్లప్పుడును పైవాని దయపై నాధారపడినదే గదా.

రెండవ పద్ధతి, అనగా భాగము, ముందుగా కాగితముపై పుట్టెను. 1955లో మిల్టన్ ఫ్రీడ్మను అను అర్థశాస్త్రజ్ఞుడు, విద్యార్థికి పెట్టుబడి యిచ్చి వాని భావి సంపాదనలో కొంత వంతు తీసికొనవచ్చునని సూచించెను. 1971లో యేల్ విశ్వవిద్యాలయము దీనిని ఆచరణలో పెట్టెను. అప్పుగొన్న ప్రతి 1,000 డాలర్లకు విద్యార్థి తన ఆదాయములో వేయికి నాలుగు వంతులు చెల్లింపవలెను. తన జట్టు వారందరి బాకీ తీరువరకు, లేదా 35 ఏండ్ల వరకు, ఇది సాగవలెను. పలువురు ఎగవేసిరి, ఎగవేసినవారి భారము చెల్లించువారి నెత్తిన బడెను. 1970ల చివరనే క్రొత్త అప్పులు ఆగిపోగా, సుమారు ముప్పది యేండ్లకు మిగిలిన బాకీలను విశ్వవిద్యాలయమే రద్దు చేసికొనెను. భాగము తీసికొనువానికి పంట యెంతయో తెలియవలెను. కళ్లము వద్ద నిలుచు శక్తి ప్రభుత్వమునకు గలదు గాని కళాశాలకు లేదని యీ ప్రయత్నము నేర్పెను.

ఈ పాఠమునకు తగిన యేర్పాటు చేసినది ఆస్ట్రేలియా. అచ్చట 1974లో విట్లాము ప్రభుత్వము విశ్వవిద్యాలయములలో జీతములు రద్దు చేసెను. పదునైదేండ్లు చదువు ఉచితముగా సాగెను. కాని చదువగోరువారు పెరిగిరి. సీట్లకు ధనము చాలలేదు. పైగా ఒక న్యాయప్రశ్న లేచెను: విశ్వవిద్యాలయము ముఖము చూడని కూలివాడు కట్టు పన్నుతో, రేపు వానికన్న నెన్నో రెట్లు సంపాదించు న్యాయవాదిని చదివింపవచ్చునా? 1988లో నెవిల్ రాన్ అధ్యక్షుడుగా నున్న సంఘము దీనిని విచారించెను. బ్రూస్ చాప్మన్ అను అర్థశాస్త్రజ్ఞుడు పద్ధతిని రూపొందించుటలో ప్రధానుడు. విద్యామంత్రి డాకిన్సు ఆధ్వర్యమున 1989లో అది అమలునకు వచ్చెను.

దాని తీరు మిక్కిలి సులభము. విద్యార్థి చేరునప్పుడు ఏమియు కట్టనక్కరలేదు. ఏటికి 1,800 డాలర్లు వాని పేర బాకీగా వ్రాయుదురు. అది చదువునకగు సగటు వ్యయములో ఇంచుమించు ఐదవ వంతు మాత్రమే. తక్కినది సంఘమునకు కలుగు లాభమునకై ప్రభుత్వము భరించెను. ముందే కట్టువారికి నూటికి 15 తగ్గింపు. బాకీకి వడ్డీ లేదు. ధరల పెరుగుదలను బట్టి మాత్రము మొత్తము సవరింపబడును. చదువు ముగిసి యేటి ఆదాయము 22,000 డాలర్లు దాటిన పిదపనే చెల్లింపు మొదలు. మొదట నూటికి ఒకటి, ఆపైన రెండు, మూడు. వసూలు చేయువారు ఆదాయపు పన్ను శాఖవారు. ఉద్యోగము పోయిన యేడు ఎవరును అడుగరు, దరఖాస్తు పెట్టనక్కరలేదు. బిడ్డను పెంచుటకు తల్లి ఇంట నుండినచో, ఆమె సంపాదన లేనన్నాళ్లు బాకీ మౌనముగా నుండును. మనిషితో బాకీయు మరణించును, వారసులను బట్టదు.

ఈ పద్ధతి దోషరహితమని యెవరు ననరాదు. నొప్పి తెలియని అప్పునకు వెల పెంచుట సులభము. 1997లో చదువులను మూడు తరగతులుగా విభజించి 3,300, 4,700, 5,500 డాలర్లుగా రుసుము నిర్ణయించిరి. చెల్లింపు మొదలగు ఆదాయపు మెట్టును దించిరి. 2021లో సాహిత్యము, చరిత్ర మొదలగు శాస్త్రముల రుసుము పెక్కింటికి ఏటికి 14,500 డాలర్లకు పెరిగెను. చరిత్ర చదువుట దేశమునకు లాభము కాదని ప్రభుత్వము తలచెనేమో! 2023లో ధరలు మిన్నందగా బాకీలన్నియు ఒక్కమారుగా నూటికి 7.1 పెరిగినవి. కట్టినదానికన్న పెరిగినది హెచ్చుగా నుండుట చూచి జనులు గగ్గోలు పెట్టిరి. 2024లో ధరల పెరుగుదల, వేతనముల పెరుగుదల, ఈ రెండింటిలో తక్కువదానినే లెక్కింపవలెనని చట్టము మార్చిరి. 2025లో బాకీలను ఐదవ వంతు తగ్గించి, చెల్లింపు మెట్టును 67,000 డాలర్లకు పెంచిరి. ఇంగ్లండు 2012లో జీతములను 9,000 పౌనులకు పెంచి, భాగముతో పాటు హెచ్చు వడ్డీని చేర్చి, ముప్పది యేండ్లకు మిగిలినది కొట్టివేయు పద్ధతి నవలంబించెను. భాగమునకు వడ్డీ తోడైనచో అది సగము కిస్తే యగును. అయినను ఈ దోషములు పాలెంతయను లెక్కకు సంబంధించినవి. వానిని ప్రజాభిప్రాయము సవరింపగలదు, సవరించినది. ఫలము లేనివాని నడుగరాదను మూలధర్మము మాత్రము చెక్కుచెదరలేదు.

ఇక మన దేశము సంగతి. కేంద్ర ప్రభుత్వము 1963లో జాతీయ ఋణ విద్యార్థి వేతనముల పథకమును ప్రారంభించెను. వడ్డీ లేని అప్పు. ఉపాధ్యాయుడైనచో ఏటికి పదియవ వంతు మాఫీ. ఉద్దేశము ఉదాత్తమే. కాని చదువు ముగించి ఊరు విడిచి పోయినవానిని వెదకి వసూలు చేయు యంత్రము రాష్ట్రములకు లేదు. ఇచ్చినదానిలో తిరిగివచ్చినది స్వల్పము. పథకము క్రమముగా క్షీణించి యాగిపోయెను. యేల్ నేర్చిన పాఠమునే మనమును వేరొక దారిన నేర్చితిమి.

ఇంతలో ప్రైవేటు వృత్తికళాశాలలు వెలసినవి. క్యాపిటేషను రుసుమును ఆంధ్రప్రదేశము 1983లో చట్టముచే నిషేధించెను. ఆ రాష్ట్రము ప్రతివాదిగా నడచిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున 1993లో సుప్రీంకోర్టు ఉచితపు సీట్లు, వెలసీట్లు అను విభాగము చేసెను. 2002లో ఆ యేర్పాటును కోర్టే త్రోసిపుచ్చెను. చదువు వెల గృహస్థుని నెత్తికి వచ్చినది. దానికి విరుగుడుగా 2001లో బ్యాంకుల సంఘము ఆదర్శ విద్యాఋణ పథకమును కూర్చెను. దేశమున చదువునకు 7 లక్షల 50 వేల రూపాయల వరకు, విదేశములకు 15 లక్షల వరకు అప్పు; 4 లక్షల వరకు తాకట్టు అక్కరలేదు. చదువు ముగిసిన యేడాదికి గాని, ఉద్యోగము దొరికిన ఆరునెలలకు గాని, ఏది ముందైన నప్పటి నుండి చెల్లింపు. 2009లో ఏటి ఆదాయము 4 లక్షల 50 వేలు మించని కుటుంబములకు చదువు కాలపు వడ్డీని ప్రభుత్వము భరింప నారంభించెను. 2024 నవంబరులో ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము, ఎంపికచేసిన ఉత్తమ విద్యాసంస్థలలో చేరువారికి తాకట్టును హామీదారును లేకయే అప్పు కల్పించినది. 8 లక్షల లోపు ఆదాయము గల కుటుంబములవారికి 10 లక్షల అప్పు వరకు చదువు కాలమున నూటికి 3 వడ్డీ రాయితీ నొసగినది. ఇవన్నియు మేలే. కాని గమనింపుడు: తలుపు తెరచుటలో మనము ముందుకు సాగితిమి, వసూలు మాత్రము ఇంకను కిస్తే, పంచాంగమే. సామాన్యముగా బ్యాంకు విద్యాఋణముల పత్రముపై విద్యార్థి చేవ్రాలు ప్రక్కన తలిదండ్రుల చేవ్రాలును ఉండును. ఉద్యోగము రాకపోయిన కిస్తు ఇంటి మీదికి వచ్చును.

తెలుగునాట 2008 నుండి ఫీజు రీయింబర్సుమెంటు పేర ప్రభుత్వమే జీతము కట్టు పద్ధతి యారంభమయ్యెను. అది రఘువు మార్గము. ఎన్నో పేద కుటుంబములలో మొదటి పట్టభద్రులను కన్నది. అయితే బొక్కసము జాగుచేసినప్పుడెల్ల కళాశాలకును విద్యార్థికిని నడుమ పేచీ తప్పుటలేదు. పైగా అది ఆ రాష్ట్రముల హద్దులకు లోబడినది. అమెరికాకు పోవు మన యువకులలో పెక్కుమంది రూపాయలలో అప్పుచేసి డాలర్లలో జీతము కట్టువారే. రూపాయి దిగినకొలది ఆ చదువు వెల పెరుగును.

కిస్తు అప్పు గృహమున చేయు చేటు ధనముతో ముగియదు. కుమారుని చదువు నప్పును వరకట్నముతో తీర్చుకొందమను తండ్రులు మన సంఘమున నిన్నటివారు మాత్రమే కారు. 1961లోనే వరకట్నము నిషిద్ధమైనను, చదువు ఖర్చు అను పేర దానిని సమర్థించువారి నోరు మూతపడలేదు. అనగా ఒక యింటి బాకీని ఇంకొక యింటి ఆడుబిడ్డ తీర్చుచున్నది. కుమార్తె చదువున కప్పుచేయవలసి వచ్చినచో, పెండ్లి యైన పిదప ఆ కిస్తు ఎవరు కట్టుదురను సంశయమే ఆమె చదువున కడ్డుగోడ యగుచున్నది. బాకీ ఆమె సంపాదనలో భాగమై, ఆమె పేరనే యుండి, సంపాదన లేనినాడు మౌనము వహించునదైనచో, ఆ సంశయమునకు తావెక్కడిది? భాగపద్ధతిని కోరుటలో ఆర్థికన్యాయముతో పాటు సంఘసంస్కారమును ఇమిడియున్నది.

మన దేశమున నిది సాధ్యమా యని వివేకులు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆస్ట్రేలియాలో పన్నుశాఖకు ఇంచుమించు ప్రతివాని యాదాయమును తెలియును. మనలో ఆదాయపు పన్ను కట్టువారు కొలదిమంది. వ్యవసాయాదాయమునకు ఆ పన్నే లేదు. చేతిసొమ్ముగా నడచు వ్యాపారము విస్తారము. కళ్లము కానరాని చోట పాలు పంచుటెట్లు? కాని అప్పుచేసి చదివిన పట్టభద్రుడు సంపాదనపరుడైననాడు జీతగాడగుటయే హెచ్చు. జీతము నుండి పన్నును మూలమునందే మినహాయించు పద్ధతి మనకు చిరకాలముగా నున్నది. దానితో పాటు చదువు పాలును మినహాయించుట యసాధ్యము కాదు. జీతము లేక స్వంతవృత్తి చేయువారి విషయమున కొంత సొమ్ము దక్కకపోవచ్చును. విదేశములకు పోయినవారి విషయమున ఆస్ట్రేలియా 2015లో చట్టము చేసి, పరదేశపు సంపాదననుండియు పాలు కోరినది. కొంత మునుగును, మునుగనిమ్ము. కిస్తు పద్ధతిలో మాత్రము బాకీలు మునుగుటలేదా? అందు అప్పుతో పాటు ఇల్లును మునుగును. ఇదియే భేదము.

సంస్కారమును కోరు గృహస్థులు ఈ విషయమున రెండు పనులు చేయవచ్చును. చదువు నప్పు పత్రముపై చేవ్రాలు చేయునప్పుడు వడ్డీ యెంతయని మాత్రమే గాక, సంపాదన లేనినాడు దీనిగతి యేమి, ఇది యెవరి నెత్తిన పడును, ఏనాటికి ముగియును అని అడుగవలెను. ఓట్లకు వచ్చువారు మాఫీని వాగ్దానము చేసినప్పుడు, మాఫీ యక్కరలేని పద్ధతిని ఏల పెట్టరాదని అడుగవలెను. మాఫీ దయ, భాగము ధర్మము. విద్యార్థికి దయకంటె ధర్మమే మేలు.